గంపల నల్ల కండె

జగిత్యాల గంగాప్రసాద్ ముక్కు సంగతి ముందు చెప్తెగని మిగిలిన కథ మీకు పట్టువడదు. అది మామూలు ముక్కు కాదు. సీసా మీది లేబుల్ కొస గోటితోని లేపి ఒక్కసారి వాసన పీల్చిండంటే, ఆ జిగురు ఏ ఊర్ల కలిపిన్రో, ఏ మిషన్ మీద పూసిన్రో, పూసినోడు పొద్దుగాల ఏం తిన్నడో గూడ చెప్పేటోడు. నౌకరీల ఉన్నప్పుడు ఆ ముక్కును చూసి పోలీసు కుక్క తోక ముడిచి, సెలవు పెట్టి పోయిందంటరు. నేనే నలుగురికి చెప్పిన. యాది పెట్టుకోండ్రి, మల్ల దానితోని పని ఉంటది.

ఈ సంగతి జరిగింది ముసురు పట్టిన ఒక గురువారం. గంగాప్రసాద్‌కు అప్పటికి అరవై మూడేండ్లు. వేలిముద్రల విభాగంల హెడ్ కానిస్టేబుల్‌గ రిటైరై, జగిత్యాలల ఒక జిరాక్స్ దుకాణం మీది గదిల డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు పెట్టుకున్నడు. బోర్డు గదికన్న పెద్దగుంటది. పనేమో, దుబాయిల ఉన్న పిల్లగానికి అక్కడ ఇంకో సంసారం ఉన్నదా లేదా అని పెండ్లికి ముందు ఆరా తీసుడు. పదేండ్లసంది గదే పని. మోకాళ్ళు అరిగినయి, మనుషుల మీద నమ్మకం గూడ మోకాళ్ళంతనే అరిగింది. మంగళారం పొద్దుగూకంగ మొగిలవ్వ ఫోన్ చేసి ఏడిస్తే, నాతోని కాదు చెల్లె, ఇంకెవలనన్న చూసుకో అందామనుకున్నడు. అనలే, వస్తనన్నడు. చిన్నప్పుడు ఒకే వాడకట్టుల పెరిగినోళ్ళు.

మొగిలవ్వ కొడుకు సాగర్. తండ్రి కల్లు గీయ తాళ్ళెక్కిన మనిషి; కొడుకు మాత్రం సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిల, దేవదాస్ అనే సేటు లేబుళ్ళ ప్రెస్సుల మిషన్ నడుపుతడు. మొగిలవ్వ గూడ అండ్లనే పనిచేస్తది. కోరుట్ల దిక్కు నలభై మంది రైతులు మక్క విత్తనాలు పెడితే ఒక్కటి మొలవలేదు. ప్యాకెట్లు కంపెనీవే. లోపలివి మాత్రం ఎన్నడో గడువు దాటిన పుచ్చు గింజలు. పాత తారీకు మీద కొత్త తారీకు లేబుల్ ఎక్కింది. ఆ లేబుల్ కాగితం దేవదాస్ ప్రెస్సుది. విత్తనాల కంపెనీ హైదరాబాద్ నుంచి ప్రకాశ్ అనే విజిలెన్స్ ఆఫీసర్‌ను తోలింది. ఆయన రెండు గంటలు చూసి, మంగళారం సాయంత్రం సాగర్ రెక్క వట్టుకొని కార్ల ఎక్కిచ్చుకున్నడు. గురువారం నాలుగు గంటలకు స్టేషన్ల అప్పజెప్తనని అందరికి చెప్పిండు.

ఈ కథల ఇంకో ముడి. సాగర్ పెండ్లాం శ్రీజకు నెలలు నిండినయి. ఆ గురువారం పొద్దుగాలనే కోరుట్లల ఒక నర్సింగ్ హోంల చేర్చిన్రు. నాలుగింటి లోపల బయటపడితే సాగర్ ఆమె పక్కన ఉంటడు. పడకపోతే బిడ్డ పుట్టిందో కొడుకు పుట్టిండో జైలుల తెలుసుకోవాలె.

అందుకనే గంగాప్రసాద్ ముందు కోరుట్లకు పోయిండు. లస్మయ్య అనే రైతు ఇంట్ల ఖాళీ ప్యాకెట్లు నాలుగు సంచిల ఏసుకున్నడు. లస్మయ్య తిట్టలేదు, ఏడ్వలేదు. రెండు సార్లు దున్నిన అని మాత్రం చెప్పిండు, అదీ గోడకు చెప్పినట్టు. అటెన్క నర్సింగ్ హోం మెట్లు, ఒక్కో మెట్టు కాడ ఆగుకుంట. శ్రీజ మంచం మీద పండుకొని ఉన్నది. చేతికి సూది, పైన స్టాండుకు సెలైన్ సీసా. ఇంకా టైమున్నది, సీసా ఎనుక సీసా పెడుతున్నరు అని వాళ్ళ తల్లి చెప్పింది.

"బాపూ, ఆయన్ను తోలుకరాండ్రి చాలు. ఇంకేం వద్దు" అన్నది శ్రీజ.

  సీసా మీది లేబుల్ మూల ఒకటి లేచి ఫ్యాను గాలికి ఊగుతుంటే, గంగాప్రసాద్ బొటనేలితోని ఒత్తి అతికిచ్చి, "తోలుకస్త బిడ్డా" అని దిగొచ్చిండు. రెండు బస్సులు మారి తంగళ్ళపల్లిల దిగేసరికి ఒంటిగంట నలభై.

ప్రెస్సంటే ఒకప్పుడు పన్నెండు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిచిన రేకుల షెడ్డు. సాంచాలు తుక్కుల పోయినంక దేవదాస్ అండ్లనే లేబుల్ మిషన్ నిలవెట్టిండు. ముంగట అద్దాల గది, అదే ఆఫీసు. దేవదాస్ కుర్చీల ప్రకాశ్ కూసోని ఉన్నడు. దేవదాసేమో తన ఆఫీసుల తానే చుట్టమైనట్టు గోడ కాడ నిలబడ్డడు. మూలకు స్టూలు మీద సాగర్. గడ్డం మాసింది, కండ్లు గుంటలు పడ్డయి. తల ఎత్తి చూసి మల్ల దించుకున్నడు.

"పెళ్ళి సంబంధాలు చూసే పెద్దాయన మీరేనా?" అన్నడు ప్రకాశ్. "ఇక్కడ పెళ్ళికొడుకెవరూ లేరండి."

"ఉన్నడు గద సారు, గా స్టూలు మీద. రెండు దినాలాయె మీ ఇంట అల్లునోలె అట్టిపెట్టుకున్నరు."

ఏ చట్టం కింద పెట్టుకున్నరో గూడ మెల్లగ అడిగిండు. ప్రకాశ్ జంకలే. ఎవర్నీ బంధించలేదు, మాట్లాడుతున్నామంతే, అన్నిటికీ వీడియో ఉందన్నడు. నిన్న బుధవారం పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాకా జగిత్యాల గెస్ట్ హౌసులో కెమెరా ఒక్క నిమిషం ఆపలేదట. మూలన గడియారం కూడా పడుతుందట. పని తెలిసినోడే. గంగాప్రసాద్ పాత పాకెట్ బుక్కు తీసి పది, ఒంటిగంట అని రాసుకున్నడు. ఎందుకు రాసుకున్నడో అప్పటికి ఆయనకే తెల్వదు. ముప్పై ఏండ్ల అలవాటు.

ప్రకాశ్ ఒక కాగితం జరిపిండు. సాగర్ సంతకం చేసిన ఒప్పుకోలు. నేను పెద్ద మిషన్ మీద రంగులతోపాటు దొంగ లాట్ నంబరు, తారీకు ముద్రించి, లేబుళ్ళు బయటికి అమ్మినాను అని ఉన్నది. గంగాప్రసాద్ రెండుసార్లు చదివి సాగర్ దిక్కు తిరిగిండు.

"కొడుకా, లాట్ నంబరు ఏ మిషన్ మీద కొడతరు?"

"చిన్న మిషన్ మీద బాపూ." సాగర్ తల ఎత్తిండు. "పెద్ద మిషన్ రంగులు అచ్చేస్తది, లేబుల్ కోస్తది, అంతే. నంబరు గూడ దాని మీద కొట్టాలంటే లాటుకో ప్లేటు చేపియ్యాలె. ఎవ్వలు చెయ్యరు. నంబరు, తారీకు తర్వాత చిన్న మిషన్ల నల్ల రిబ్బన్‌తోని పడతయి."

"మరి గిట్ల రాసి సంతకం ఎందుకు పెట్టినవు?"

"పెడితే కోరుట్లకు పోనిస్తమన్నరు."

 గంగాప్రసాద్ కాగితం మడిచి ప్రకాశ్ ముంగట పెట్టిండు. ఏడేండ్లు మిషన్ నడిపినోడు నిద్రల గూడ ఈ మాట అనడు, ఇది మీ చెయ్యి రాసిన మాట అన్నడు. ప్రకాశ్ చెవులు ఎర్రబడ్డయి గని వెనక్కి తగ్గలే. ఏ మిషనైతేనేం, ఆ చిన్న మిషన్ గది తాళం చెవి సాగర్ దగ్గరే ఉంటుంది, దొంగ నంబరు కొట్టాలంటే అతనే కొట్టాలి అన్నడు. ఇంకో తాళం చెవి లేదా అని గంగాప్రసాద్ దేవదాస్‌ను చూసిండు. ఉన్నది గని ఎక్కడ పడ్డదో ఏడాదిసంది కనవడుతలేదు అన్నడు దేవదాస్.

దేవదాస్‌కు యాభై దాటినయి. సన్నటి మనిషి, తెల్లంగి. మాట మాటకు చేతులు తుడుచుకుంటడు, తడి లేకున్నా. గంగాప్రసాద్ ఆయన్ను షెడ్డు గుమ్మం కాడికి తీస్కపోయి చెరో స్టూలు ఏసుకొని కూసున్నడు. అడిగేటోనికే కాళ్ళు గుంజుతున్నయి, చెప్పేటోనికి గూడ నిద్ర లేనట్టే ఉన్నది. రెండు ముసలి ఎడ్లను ఒక్క కాడి కింద పెట్టినట్టు.

"నిన్న పని నడిచిందా దేవదాసూ?"

"లేదు పటేలా. కరెంటు పోయింది. పదింటికే అందర్ని ఇంటికి తోలిన."

"ఎప్పుడొచ్చింది?"

"సాయంత్రం నాలుగు దాటినంక. నేను గూడ తాళం ఏసుకొని పోయిన."

అంతకు మించి ఏమడిగినా తెల్వదు, యాది లేదు. గంగాప్రసాద్ గట్టిగ అడగలే. పాకెట్ బుక్కుల కరెంటు అని ఒక్క మాట రాసిండు. మిషన్ల కాడికి పోయి చూస్తనంటే, నాలుగు దాకా మీ ఇష్టం పెద్దాయనా, ఆ తర్వాత నా ఇష్టం అన్నడు ప్రకాశ్ గదిల నుంచే. గోడ గడియారం రెండు ఇరవై.

ఇగ ముక్కు సంగతి. షెడ్డుల అడుగు పెట్టంగనే గంగాప్రసాద్ గట్టిగ గాలి పీల్చి, జిగురు వాసనల దొంగను పట్టిండని చెప్పుదామనే నాకున్నది. ఏం చేద్దాం మరి, ఆదివారంసంది ఆయనకు పడిశం. రెండు రంధ్రాలు సిమెంటు ఏసినట్టు బిగుసుకపోయినయి. పొద్దుగాల బస్టాండుల మోరి కాడ అందరు దస్తి అడ్డం పెట్టుకుంటే ఆయన పల్లీలు తినుకుంట కూసున్నడు. అసలు పడిశం లేకున్నా ఆయనకు జిగురుకు గంజికి తేడా తెల్వదు. కుక్క గూడ ముసలిదై రిటైరయ్యింది, అంతే. ఆ దినం దొంగను పట్టింది ముక్కు కాదు, మొగిలవ్వ కండ్లు. గంగాప్రసాద్ చేసిందల్లా, ఆమె చెప్తుంటే కూసోని ఇనుడు. కొడుకు కోసం తల్లి ఏదన్న చెప్తదని ప్రకాశ్ ఆమెను అడగనే లేదు.

మొగిలవ్వ మిషన్ ఎనుక చెత్త కుప్ప కాడ కూసున్నది. కొడుకు అద్దాల గదిల ఉన్నా చేతులు ఆగలే. లేబుళ్ళు కోసినంక వాటి చుట్టూ మిగిలే కాగితాన్ని గుంజి సంచులల్ల తొక్కుడు ఆమె పని. దాన్ని జాలి అంటరు. లేబుళ్ళ మందం బొక్కలు పడి, చేపల వల లెక్కనే ఉంటది. గంగాప్రసాద్ లస్మయ్య ప్యాకెట్టు తీసి ఆమె చేతుల పెట్టిండు. మొగిలవ్వ వెలుగుకు పెట్టి చూసింది.

"మన డై, గీ కోసే అచ్చు, కోసిందే అన్నా. ఎడమ దిక్కు మూల చూడు, జరంత పన్ను లేచింది. డై మీద ఆడ గాటు పడ్డది."

ఆమె నేర్పిన చదువు ఇంత: లేబుల్‌కు రెండు పొరలు. మీదిది తోలు, అచ్చు పడేది. కిందిది అడుగు కాగితం, నున్నగ జారేటట్టు ఉంటది. దాని మీద జిగురు పట్టది. డై తోలునే తెంపాలె, అడుగు కాగితానికి గీత గూడ పడొద్దు. దాన్ని ముద్దు కోత అంటరట. చెప్పి మొగిలవ్వ కొంగు అడ్డం పెట్టుకున్నది. ఇంగ్లీషోళ్ళు పెట్టిన పేరు అన్నా, నేను పెట్టింది కాదన్నది. మూడు దినాలల్ల ఆమె మొఖం మీద అదొక్కటే నవ్వు. జిగురుల గూడ రకాలున్నయి. ప్యాకెట్ల జిగురు ప్యాకెట్టుకు సచ్చినా ఊడది. అదే గుండ్రటి మెత్తటి సీసాకు అతికితే ఒక్క పూటకే మూల లేస్తది. సీసాలకు ఏరే జిగురు, అది మన కాడ లేదన్నది.

గంగాప్రసాద్ తల ఊపిండు. ఆ మాట చెవులల్ల పడ్డది గని లోపలికి దిగలే. అంత అలిసిండు.

"గిదంతా సరే చెల్లె. ఇయ్యాల పొద్దుగాల ఫోన్ చేసి ఒకటి చూపిస్తనన్నవు."

మొగిలవ్వ అద్దాల గది దిక్కు ఒకసారి చూసి లేచింది. షెడ్డు మూలకు, కిటికీ గట్టు మీద ఒక వెదురు గంప. సాంచాల కాలంనాటి కండెలు, అంటే నాడెల పెట్టే దారపు పుల్లలు, దాని నిండ ఉన్నయి. దేవదాస్ సాంచాలు అమ్మిండు గని గంప అమ్మలే. ఏటా దసరాకు దానికి పసుపు పెడతడట.

"మా సేటు సాంచాల మీద పుట్టినకాడికెల్లి తెల్ల పాలిస్టరే నేసిన్రు. నేను ఎనిమిదేండ్లు గీ షెడ్డుల ఊడ్సిన. నల్ల దారం ఒక్కనాడు కంటవడలే. పొద్దుగాల ఊడుస్తుంటే గిది కనవడ్డది."

తెల్ల కండెల నడుమ ఒకటి నల్లగ ఉన్నది. గంగాప్రసాద్ దస్తితోని అందుకున్నడు. అది దారం కాదు. జానెడు కన్న తక్కువ వెడల్పున్న పలుచటి నల్ల పొర, కండె పుల్ల మీద ఎక్కడా ముడత లేకుంట, ఒక పొర మీద ఒక పొర, గట్టిగ చుట్టి ఉన్నది. కొస లోపలికి దోపి ఉన్నది, ఊడకుండ.

"చిన్న మిషన్ రిబ్బన్" అన్నది మొగిలవ్వ. "వాడినది. ఇది అట్టగొట్టం మీద చుట్టుకుంటది, గొట్టంతోనే పారేస్తం. కండె మీద ఎవ్వలు చుడతరన్నా?"

గంగాప్రసాద్‌కు వేలిముద్రలు తప్ప ఇంకేం తెల్వదు గని, ముద్ర పడితే ముద్ర ఇడిసిన జాగ గూడ ఉంటదని తెలుసు. కొస ఇప్పి కిటికీ వెలుగుకు పట్టిండు. రిబ్బన్ మీది నల్ల రంగు ఎక్కడ లేబుల్ మీదికి దిగిందో ఆడ అద్దం లెక్క ఖాళీ. ఖాళీలల్ల నుంచి ముసురు వెలుతురు అక్షరాలై వచ్చింది. కొట్టినదంత రాసిపెట్టుకున్నది ఆ రిబ్బన్. కె ఎం నాలుగువేల నాలుగు వందల డెబ్బై ఒకటి, దొంగ లాట్ నంబరు. దాని కింద తారీకు, దాని పక్కన కొట్టిన టైము. మే నెల ఇరవై ఆరు, మధ్యాహ్నం రెండు నలభై. దాని కింద మల్ల అదే నంబరు, మల్ల అదే. ఇప్పుకుంట పోయిండు. మొగిలవ్వ కింద పడకుండ చేతులల్ల అందుకున్నది.

మిషన్ మీదికెల్లి కండె మీదికి చుట్టేటప్పుడు వరుస తిరగబడ్డది. పాతది పైకి వచ్చింది, కొత్తది లోపల పడ్డది. నాలుగు వందల దాకా లెక్కవెట్టి గంగాప్రసాద్ ఆగిండు. నంబరు అదే, తారీకు మారింది. బుధవారం, అంటే నిన్న. టైము పదకొండు ఇరవై. దాని కింద పదకొండు ఇరవై ఒకటి. నడుమ రిబ్బన్ తెగలే, అతుకు లేదు. మే నెలల కొట్టిన రిబ్బనే నిన్న గూడ కొట్టింది.

పాకెట్ బుక్కు తీసి చూసిండు. పది, ఒంటిగంట.

మొగిలవ్వకు చదువు రాదు. గంగాప్రసాద్ మొఖం చూసే సంగతి పట్టుకున్నది.  కొంగుతోని కండ్లు ఒత్తుకున్నది.

ముందు సాగర్ తాళం చెవితోని చిన్న మిషన్ గది తీపిచ్చిండు. మిషన్ల కొత్త రిబ్బన్ ఉన్నది, ఒక్క చుట్టు గూడ వాడలే. పాత అట్టగొట్టం, గీతలు పడ్డది, దాని జాగల అదే ఉన్నది. సాగర్‌తోని ఒక ఖాళీ లేబుల్ కొట్టిపిచ్చిండు. లేబుల్ మీద మూడు పన్నెండు. గోడ గడియారం చూసిండు, తన చేతి గడియారం చూసిండు. మూడు పన్నెండే. మిషన్ గడియారం అబద్ధం చెప్తలేదు.

అద్దాల గదిలకు అందరు చేరిన్రు. గంగాప్రసాద్ నల్ల కండెను సంచిలనే ఉంచిండు. కొత్త రిబ్బన్‌ల నుంచి రెండు బారలు తెంపి, అది చిక్కువడేటట్టు నలిపి పట్టుకున్నడు. ఏదో చదవాలె, జర పట్టుకో కొడుకా అని ముందు సాగర్ చేతుల పెట్టిండు. సాగర్ ఉండజేసి పట్టుకున్నడు. ప్రకాశ్‌కు అందిస్తే ఇదేంటని వేలు కొసలతోని అందుకొని చెత్తబుట్టల ఏసిండు. గంగాప్రసాద్ బుట్టలకెల్లి తీసి, దులిపి, దేవదాస్ చేతిల పెట్టి, ప్రకాశ్ దిక్కు తిరిగి మాటలల్ల పడ్డడు.

వీడియోల సాగర్ ఏమేం చెప్పిండని అడిగిండు. ప్రకాశ్ చెప్పుకుంట పోతున్నడు. ఒక నిమిషం పోయింది, రెండు నిమిషాలు పోయినయి. దేవదాస్ చేతి ఏళ్ళు ముందు చిక్కు ఇప్పినయి. తర్వాత బల్ల మీద పెన్ను అందుకున్నయి. ఆయన కండ్లు ప్రకాశ్ మీదనే ఉన్నయి. ఏళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకున్నయి. ఎడమ చేతి రెండు ఏళ్ళ నడుమ పొరను సాపుగ ఒత్తుకుంట, కుడి చేతితోని పెన్ను తిప్పుకుంట, పొర మీద పొర. కొస రాంగనే లోపలికి దోపినయి.

గంగాప్రసాద్ మాట ఆపిండు. సంచిలకెల్లి నల్ల కండె తీసి, ఆ పెన్ను పక్కన పెట్టిండు.

"పెద్ద అన్న, చిన్న తమ్ముడు లెక్కున్నయి దేవదాసూ."

దేవదాస్ కిందికి చూసుకున్నడు. తన చేతులనే ఎవరివో అన్నట్టు చూసిండు. ప్రకాశ్‌కు ఇంకా అర్థం కాలే. గంగాప్రసాద్ కండె ఇప్పి కిటికీకి పట్టి, నంబరు చూపిచ్చిండు, తారీకు చూపిచ్చిండు, పదకొండు ఇరవై చూపిచ్చిండు.

"నిన్న పదకొండు ఇరవైకి సాగర్ ఎక్కడున్నడు సారు? మీరే చెప్పాలె. ఆయనకు సాక్షి మీరే."

ప్రకాశ్ లాప్‌టాప్ తెరిచి వీడియో జరిపిండు. పదకొండు ఇరవైకి తెర మీద సాగర్ తల దించుకొని నీళ్ళు తాగుతున్నడు. ప్రకాశ్ లాప్‌టాప్ మూసిండు.  ఒప్పుకోలు కాగితం తీసి నాలుగు తునకలు చేసి, తన సొంత జేబుల ఏసుకున్నడు. అందుకు గంగాప్రసాద్ ఆయన్ను జరంత మెచ్చుకున్నడు, మనసుల.

"కరెంటు పోలేదు గద" అన్నడు దేవదాస్‌తోని.

"పోలేదు." దేవదాస్ గోడకు ఆనుకొని మెల్లగ కూలవడ్డడు. దొరికిపోయిన భయం గాదు, బరువు దింపినోని అలసట అది. ఒకాయన వస్తడు, ఫైలు తెస్తడు, నేను కొట్టి ఇస్త, యాడ అతుకుతడో నేను అడగ అన్నడు. సాంచాలు పోయినంక ఈ మిషన్ గూడ ఆగుతదేమో అని భయమన్నడు. నిన్న అందర్ని తోలి, పోయిందన్న తాళం చెవితోనే గది తీసి, దొంగ పనికని ఏరేగ దాచిన రిబ్బన్ ఎక్కిచ్చి మిగిలింది కొట్టిండు. ప్రకాశ్ మల్ల ప్రెస్సు తనిఖీకి వస్తున్నడని తెలిసి రిబ్బన్ గుంజేసిండు. మిషన్ల కొత్త రిబ్బన్ ఎక్కినట్టు కనవడాలంటే పాత గొట్టం జాగల ఉండాలె, అందుకే పొర ఊడదీసిండు.

"తగలవెడితే అయిపోవు గదనయ్యా."

"అగ్గిపెట్టె గీసిన పటేలా." దేవదాస్ చేతులు తుడుచుకున్నడు. "కింద చిక్కువడి ఉన్నది. మా నాయిన కాళ్ళ కింద దారం పడితే కొట్టేటోడు. చుట్టినంక కాలవెడదామనుకున్న. చుట్టినంక చేతులు రాలే."

సాగర్ అప్పటికే గుమ్మం కాడ ఉన్నడు. తల్లి ఆయన తలకు చెయ్యి రాస్తున్నది. మూడు ముప్పై ఐదు. కారుల దింపుతానని ప్రకాశే అన్నడు, మొఖం అటు తిప్పుకొని. గంగాప్రసాద్‌కు ఇంటికి పోయి రెండు దినాలు పండుకుందామని ఉన్నది. కండె సంచిల ఏస్తుంటే పుల్ల మీద ఇంకా మస్తు చుట్లు కనవడ్డయి. పని సగంల ఇడిసిపెట్టే అలవాటు ఆయనకూ లేదు. ఇప్పిండు.

మక్కల నంబరు ఆగిపోయింది. బుధవారం, పన్నెండు ముప్పై ఐదు. కొత్త అక్షరాలు. సెలైన్, ఐదు వందల మిల్లీలీటర్లు, ఇంకా రెండేండ్ల దాకా గడువు. మల్ల అదే. మల్ల అదే. రెండు వందల నలభై సార్లు. అన్నిటికన్న లోపల, పుల్లకు ఆనుకొని, అట్టపెట్టెలకు అతికే చిరునామా చీటీలు పన్నెండు. నర్సింగ్ హోం పేరు, కోరుట్ల.

"సీసాల మీదికి ఏ జిగురు ఏసినవు?" అన్నడు. 

"ప్యాకెట్లదే" అన్నడు దేవదాస్. "పాత తారీకు కప్పే సైజు అడిగిండు. నా కాడ ఇంకోటి లేదు."

మూల లేస్తది. ఒక్క పూటకే లేస్తదని మొగిలవ్వ చెప్పింది. గంగాప్రసాద్ కుడి బొటనేలు దిక్కు చూసుకున్నడు. స్టాండు కాడ, శ్రీజ చేతికి జానెడు దూరంల, ఆ మూలను తనే ఒత్తి అతికిచ్చిండు. తోలుకస్త బిడ్డా అని గూడ అన్నడు.

"సాగర్, ఫోన్ చెయ్యి. సీసా తియ్యమను. ఇప్పుడే."

సాగర్ నంబరు కొట్టిండు. మొగిలవ్వకు సీసా సంగతి తెల్వదు, కొడుకు మొఖం తెలుసు. ఆమె గోడ పట్టుకున్నది. ఫోన్ మోగింది. మల్ల మోగింది. మూడో రింగుకు శ్రీజ ఎత్తి, ఆ చెప్పు, ఇడిసిపెట్టిన్రా అన్నది. గదిల అందరికి ఊపిరి వచ్చింది.

ఈ కథల నేను కల్పించింది ఒక్కటే, దాచుడెందుకు. ముక్కు సంగతి ఇదివరకే ఒప్పుకున్న గనక అది లెక్కకు రాదు. నల్ల కండె నిజం, పదకొండు ఇరవై నిజం, దేవదాస్ ఏళ్ళు నిజం. కల్పించింది ఆ మూడో రింగు. మొగిలవ్వ మొఖం చూసి నిజం చెప్పబుద్ధి కాలే, కలిపిన. ఆ ఫోన్ ఎవ్వలు ఎత్తలే. మోగి మోగి ఆగింది. మల్ల చేస్తే మల్ల మోగింది. ప్రకాశ్ కారు తంగళ్ళపల్లి దాటేసరికి మూడు యాభై. ఎనుక సీట్ల సాగర్ ఫోన్ చెవికాడికెల్లి తియ్యలే. పక్కన గంగాప్రసాద్ కుడి బొటనేలును ప్యాంటుకు రుద్దుకుంట కూసున్నడు. కోరుట్ల దాకా రుద్దుతనే ఉన్నడు.